పాతపేటకు ప్రాణము పోసిన పాట్రిక్ గెడ్డెస్

పట్టణములు పెరుగుకొలదిని వాని నడుమనున్న పాతపేటలకు కష్టకాలము ప్రాప్తించుట సర్వసామాన్యము. ఇరుకు సందులు, క్రింద అంగడియు మీద కాపురమును గల యిండ్లు, ఒకే వాడలో కమ్మరి కొలిమియు, బట్టల దుకాణమును, బడియును, గుడియును కలిసియుండుట పాతపేటల లక్షణము. అట్టి చోట్లను చూచినంతనే వీధి వెడల్పు చేయవలెననియు, ఇండ్లు పడగొట్టవలెననియు అధికారులకు తోచును. పడగొట్టబడిన యిండ్లలోనివా రెక్కడికి పోవుదురను ప్రశ్న మాత్రము చాలకాలము వరకు పెక్కుమందికి తోచలేదు. ఆ ప్రశ్నను పట్టుదలతో వేసినవారిలో అగ్రగణ్యుడు స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెస్. ఆయన చదివినది జీవశాస్త్రము; బోధించినది వృక్షశాస్త్రము. కాని లోకము ఆయనను నగరనిర్మాణ శాస్త్రమునకు ఆద్యులలో నొకనిగా తలచుచున్నది. తన జీవితములో సుమారు పదేండ్లు భారతదేశముతో పెనవేసికొని, ఏబది వరకు పట్టణములను పరిశీలించిన యీ పండితుని చరిత్రము మన ఉపాధ్యాయులకును, విద్యార్థులకును తెలియదగినది.

కొండమీది తోట

గెడ్డెస్ 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ అను గ్రామమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు సైన్యములో పనిచేసినవాడు. పాట్రిక్ పసివాడుగా నున్నప్పుడే ఆ కుటుంబము పెర్త్ పట్టణము చెంతనున్న కొండమీది చిన్న యింటికి చేరెను. ఇంటి చుట్టును తోట. బాలుడు తండ్రి వెంట పాదులు త్రవ్వుచు, విత్తులు నాటుచు పెరిగెను. కొండపైనుండి చూచినచో క్రింద నదియు, నది యొడ్డున పట్టణమును, దాని చుట్టును పొలములును ఒక్కచూపులో కానవచ్చెడివి. ఊరును దాని చుట్టునున్న నేలనుండి వేరుచేసి చూడరాదను భావమునకు ఆయన మనసులో బీజము పడినది అక్కడనే.

బడిచదువు ముగిసిన పిమ్మట కొంతకాలము బ్యాంకులో పనిచేసెను గాని లెక్కల పుస్తకములు ఆయనను కట్టివేయలేకపోయినవి. 1874లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము చదువబోయి, అచ్చటి బోధన తనకు సరిపడక వారము దినములకే విడిచివచ్చెను. లండనుకు పోయి, ఆనాటి సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడగు థామస్ హెన్రీ హక్స్‌లీకి శిష్యుడయ్యెను. అచ్చటనే వేరొక ప్రయోగశాలయందు ఒకమారు వయోవృద్ధుడగు చార్లెస్ డార్విన్‌ను దర్శించు భాగ్యము ఆయనకు లభించెను. ఆ పిదప పారిస్ నగరమున చదువుచు, ఫ్రెడెరిక్ లెప్లే అను సామాజికశాస్త్రవేత్త భావములతో పరిచయము కలిగించుకొనెను. నివసించు చోటు, చేయు పని, బ్రతుకు కుటుంబము అను మూడింటిని కలిపి చూచిననే గాని సమాజము బోధపడదని లెప్లే సిద్ధాంతము. గెడ్డెస్ దానినే కొంత మార్చి చోటు, పని, జనము అను మూడు మాటలుగా జీవితాంతము బోధించెను.

చీకటిగది

1879లో జంతువుల, వృక్షముల నమూనాలను సేకరించుటకై గెడ్డెస్ మెక్సికో దేశమునకు పోయెను. అచ్చట తీవ్రమైన నేత్రవ్యాధి సోకి చూపు పోయెను. కొన్ని వారములపాటు కండ్లకు గంతలు కట్టుకొని చీకటిగదిలో నుండవలసివచ్చెను. ఇరువదియైదేండ్ల ప్రాయమున, సూక్ష్మదర్శినియే జీవనాధారముగా నెంచుకొన్నవానికి ఇంతకు మించిన విపత్తు వేరొకటి లేదు. ఆ చీకటిలో ఆయన కిటికీ పలకల చట్రమును వ్రేళ్లతో తడవి చూచుచు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావమును నిలిపినట్లు ఊహించి, వాని పరస్పర సంబంధములను ఆలోచించుట అలవరచుకొనెను. తరువాతి కాలమున కాగితమును గళ్లుగా మడచి, చోటు, పని, జనములను ఆ గళ్లలో నమర్చి చూపు పద్ధతి ఆ విధముగా పుట్టినదే.

చూపు మరలివచ్చెను గాని సూక్ష్మదర్శినితో గంటల తరబడి పనిచేయు శక్తి తిరిగి రాలేదు. కంటికి కనబడని జీవకణములను పరిశీలింపవలసినవాడు క్రమముగా కంటికెదుట నున్న నగరమువైపు దృష్టి మరల్చెను. శాస్త్రమును విడువలేదు. జీవి యెట్లు తన పరిసరములచే మార్పుచెందుచు, పరిసరములను తాను మార్చుచుండునో, నగరమును నట్లే ఎదుగునని ఆయన గ్రహించెను. 1880లో ఎడిన్‌బరోకు వచ్చి విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రబోధనకు సహాయకుడుగా కుదిరెను.

శిథిలమైన రాజధాని

ఎడిన్‌బరో పాతపట్టణము ఒక కొండమొరపపై నున్నది. పడమట కోట, తూర్పున రాజప్రాసాదము, రెంటినడుమ నొక రాజవీధి, దానికి ఇరుప్రక్కల చేపముల్లువలె చీలిపోవు సన్నని సందులు. స్థలము చాలక ఇండ్లు అంతస్తుపై అంతస్తుగా లేచినవి. పదునెనిమిదవ శతాబ్దపు మధ్యభాగము వరకు ప్రభువులును, వకీళ్లును, వర్తకులును, పనివారును ఒకే మెట్లదారి వెంబడి వేర్వేరు అంతస్తులలో నివసించెడివారు. 1767 నుండి లోయ కావలివైపున విశాలమైన కొత్తపట్టణ నిర్మాణ మారంభమయ్యెను. ధనికులు ఒకరి తరువాత నొకరు అచ్చటికి తరలిపోయిరి. వారు విడిచిన భవనములు గదులుగా విభజింపబడి, ఒక్కొక్క గదిలో నొక్కొక్క బీదకుటుంబము చేరెను. 1861లో రాజవీధిలో నొక పాతభవనము రాత్రివేళ కూలి 35 మంది మరణించిరి. 1867లో పట్టణాభివృద్ధికై యొక శాసనము చేయబడెను. దాని ననుసరించి పాత యిండ్లను పడగొట్టి కొత్తవీధులు తీసిరి. వీధులు బాగుపడెను గాని, నిరాశ్రయులైన పేదలకు తక్కువ అద్దెకు వేరు చోటు దొరకక, మిగిలిన యిండ్లలోనే మరింత ఇరుకుగా క్రిక్కిరిసిరి. ఈ విధముగా ఒక వీధికి చేసిన చికిత్స ప్రక్క వీధికి రోగమయ్యెను.

ఇట్టి స్థితిలో గెడ్డెస్ కార్యరంగమున దిగెను. మొదట కొందరు మిత్రులతో కలిసి ఎడిన్‌బరో సామాజిక సంఘమును నెలకొల్పెను. 1886లో ఆనా మార్టన్ అను విదుషీమణిని వివాహమాడెను. ఆమె లివర్‌పూల్ వర్తకుని కుమార్తె, సంగీతజ్ఞురాలు. వివాహమైన కొలదికాలమునకే దంపతులు కొత్తపట్టణములోని సుఖవాసమును విడిచి, పాతపట్టణములోని జేమ్స్ కోర్ట్ అను జీర్ణమైన భవనసముదాయములోనికి కాపురము మార్చిరి. ఒకప్పుడు డేవిడ్ హ్యూమ్ వంటి తత్త్వవేత్తలు నివసించిన ఆ చోటు అప్పటికి మురికికూపమైయుండెను. బంధుమిత్రులు విస్తుపోయిరి. గెడ్డెస్ దంపతులు ఉపన్యాసములతో గాక చీపురుతోను, సున్నపుకుంచెతోను పని ప్రారంభించిరి. గోడలకు వెల్లవేయించిరి; కిటికీలలో పూలతొట్లు పెట్టించిరి; ఇరుగుపొరుగువారిని కలుపుకొని ముంగిలి శుభ్రము చేసిరి. ఒక్కొక్క మెట్లదారివారు తమ దారిని తామే బాగుచేసికొనుటకు మొదలిడిరి.

కాపాడు శస్త్రచికిత్స

ఈ యనుభవమునుండియే గెడ్డెస్ ప్రసిద్ధ సూత్రము రూపొందెను. పాతపేట రోగగ్రస్తమైనదే యనుకొందము. వైద్యుడు రోగిని చూడకయే కత్తి పట్టునా? ముందు నాడి పరీక్షించును, రోగనిదానము చేయును, ఆ మీదట చికిత్స. అట్లే నగరమునకు ముందు సర్వే, తరువాత నిదానము, ఆ తరువాతనే ప్రణాళిక. శస్త్రచికిత్స తప్పనిచోట కుళ్లిన భాగమును మాత్రమే తొలగించి, తక్కినదానిని కాపాడవలెను. గాలి వెలుతురులు రాకుండ అడ్డుపడు ఒకటి రెండు పాడుగోడలను తీసివేసినచో ముంగిలి తెరపి యగును, మిగిలిన యిండ్లు మరమ్మతుతో నిలుచును, కాపురమున్నవారు కదలనక్కరలేదు. దీనినే ఆయన సంరక్షక శస్త్రచికిత్స యనెను.

రెండవ సూత్రము కలివిడి జీవనము. పేదల పేట, ధనికుల పేట, విద్యార్థుల పేట అని విడివిడిగా నగరమును ముక్కలు చేయుట వలననే పాతపట్టణము చెడినదని ఆయన అభిప్రాయము. 1887లో విద్యార్థులు స్వయముగా పరిపాలించుకొను వసతిగృహమును పాతపట్టణముననే నెలకొల్పెను. 1890 తరువాత కోట సమీపమున రామ్సే గార్డెన్ అను రమ్యమైన గృహసముదాయమును కట్టించి, ఆచార్యులును, కళాకారులును మరల పాతపట్టణమున నివసించునట్లు చేసెను. రిడిల్స్ కోర్ట్ వంటి పురాతన భవనములను కూల్చనీయక బాగుచేయించి వాడుకలోనికి తెచ్చెను.

1892లో కోటచెంతనున్న యొక గోపురము ఆయన చేతికి వచ్చెను. దాని శిఖరమున నగరదృశ్యమును బల్లపై ప్రతిబింబింపజేయు ఛాయాయంత్రము పూర్వమే యుండెను. ఈ గోపురమును గెడ్డెస్ నగరవిద్యకు బడిగా మార్చెను. చూడవచ్చినవారు ముందు పైకెక్కి కన్నులార తమ నగరమును చూడవలెను. దిగుచు రాగా ఒక అంతస్తున ఎడిన్‌బరో, దాని క్రింద స్కాట్లండు, ఆ క్రింద ఆంగ్లభాషా దేశములు, ఐరోపా, అట్టడుగున ప్రపంచము, వాని పటములతోను వస్తువులతోను దర్శనమిచ్చెడివి. తన వీధినుండి మొదలిడి ప్రపంచమును చేరు విద్యాక్రమ మిది. ఈ గోపురమునకు సంబంధించిన సంఘమువారు పాతపట్టణమున వ్యర్థముగా పడియున్న ఖాళీస్థలములను ఒక్కొక్కటిగా లెక్కించిరి. అట్టివి డెబ్బదికి మించి కానవచ్చెను. వానిలో కొన్ని పేదపిల్లల తోటలుగా మారినవి. ఆ తోటల పనిలో గెడ్డెస్ కుమార్తె నోరా ముఖ్యపాత్ర వహించెను.

1888 నుండి 1919 వరకు ఆయన డండీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడు. సంవత్సరములో వేసవి భాగమున మాత్రమే పాఠములు చెప్పవలసిన ఏర్పాటు గలదు గావున మిగిలిన కాలము నగరసేవకు దక్కెడిది. కాని ధనవ్యవహారములలో ఆయన దిట్ట కాడు. తలపెట్టిన పనులు పెరుగుకొలది అప్పులును పెరిగెను. తుదకు 1896లో మిత్రులు ఒక కంపెనీగా నేర్పడి ఆ యాస్తుల నిర్వహణ భారమును స్వీకరింపవలసివచ్చెను. 1904లో డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమునకై వ్రాసిన బృహత్ప్రణాళికయు ఆమోదము పొందలేదు.

మునిగిన ఓడ, తెరచిన ప్రదర్శనశాల

1910లో లండనున జరిగిన నగరనిర్మాణ మహాసభ సందర్భమున గెడ్డెస్ సమకూర్చిన నగర ప్రదర్శనము పెక్కుమందిని ఆకర్షించెను. 1913లో బెల్జియములోని ఘెంట్ నగరమున దానికి అంతర్జాతీయ ఖ్యాతి లభించెను. మద్రాసు గవర్నరు పెంట్‌లండ్ ప్రభువు ఆహ్వానముపై 1914లో గెడ్డెస్ తన కుమారుడు అలస్టేర్‌తో భారతదేశమునకు బయలుదేరెను. ప్రదర్శన సామగ్రి క్లాన్ గ్రాంట్ అను వేరొక ఓడలో వచ్చుచుండెను. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధ మారంభమైనది. ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక ఆ యోడను ముంచివేసెను. ఇరువదియేండ్లకు పైగా కూర్చిన పటములు, చిత్రములు సముద్రము పాలయ్యెను. గెడ్డెస్ నిరాశచెందలేదు. మిత్రులు ఉత్సాహముతో వేరు పటములను సేకరించి పంపిరి. 1915 జనవరిలో మద్రాసున ప్రదర్శనము జరిగియే తీరెను.

అది మొదలు ఆయన మద్రాసు రాజధానిలోని పట్టణములను కాలినడకన తిరిగి చూడనారంభించెను. తంజావూరు, మధుర, బళ్లారి వంటి పట్టణములపై ఆయన వ్రాసిన మాటలు నేటికిని చదువదగినవి. మునిసిపల్ ఇంజనీర్లు పటముపై సరళరేఖ గీచి, ఆ రేఖకు అడ్డువచ్చిన యిండ్లన్నియు తొలగించు పథకములు వేసిన చోట, గెడ్డెస్ సందుసందు తిరిగి, కూలిన గోడ యేది, నిలుచు గోడ యేది, చెట్టెక్కడ, బావి యెక్కడ అని గుర్తించెడివాడు. తంజావూరున ఆయన చూపిన మార్గము ఇంజనీర్ల పథకముకంటె ఎంతయో తక్కువ వ్యయముతో, ఎంతయో తక్కువ కూల్చివేతతో నెరవేరునది. మన సన్నని సందులు మండుటెండలో నీడనిచ్చుననియు, ఇంటి నడిమి ముంగిలి స్త్రీలకును పిల్లలకును ఊపిరియనియు ఆయన గుర్తించెను. దోమల పేరిట చెరువులను పూడ్చివేయుటను ప్రతిఘటించి, చేపలను పెంచినచో చాలునని చెప్పెను. తులసికోట గల ముంగిలి శుభ్రముగా నుండుట గమనించి, ఆ యాచారము మతచిహ్నము మాత్రమే గాక గృహారోగ్యమునకు కొలబద్దయని భావించెను.

ఇందూరు దీపావళి

గెడ్డెస్ భారతదేశ సేవలో తలమానికమైనది ఇందూరు నగర నివేదిక. ఇది 1918లో రెండు సంపుటములుగా వెలువడెను. ఆ నగరమున ప్లేగు వ్యాధి ప్రబలియున్నది. పరదేశి కొలతబద్దతో వచ్చుట చూచి ప్రజలు తమ యిండ్లు పడగొట్టుదురేమోయని భయపడిరి. అపనమ్మకముతో ఏ ప్రణాళికయు సాగదని గెడ్డెస్ ఎరుగును. పాలకుని యనుమతితో దీపావళి ఉత్సవ నిర్వహణము తాను వహించెను. ఏ వీధులవారు తమ యిండ్లను, వాకిండ్లను అన్నిటికంటె శుభ్రముగా బాగుచేసికొందురో ఆ వీధుల గుండ ఊరేగింపు సాగునని ప్రకటింపజేసెను. ఊరంతయు చీపురు పట్టెను. బండ్లకొలది చెత్త ఊరు దాటెను. ఊరేగింపులో మురికి వాడల రాక్షసులును, ప్లేగును మోసికొనివచ్చు పెద్ద యెలుకయు బొమ్మలై నడచినవి. వాని వెనుక లక్ష్మీదేవి వెడలెను. పారిశుద్ధ్యపు పనివారు తెల్లని దుస్తులతో, పూలమాలలతో గౌరవస్థానమున నడచిరి. తరతరములుగా దూరముంచబడిన వారిని ఊరి రక్షకులుగా ఊరియెదుట నిలిపిన ఆ దృశ్యము ఆ రోజులలో సామాన్యమైనది కాదు. ఆ పిమ్మట ఇందూరు ప్రజలు గెడ్డెస్‌ను శంకతో చూడలేదు.

ఇంతటి కర్మవీరునకు ఆ కాలమే దారుణమైన దుఃఖమును తెచ్చెను. 1917 ఏప్రిలులో అలస్టేర్ ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించెను. ఆ వార్త వచ్చునప్పటికి ఆనా తీవ్రజ్వరముతో మంచము పట్టియున్నది. భార్య గుండె పగులునని గెడ్డెస్ ఆ వార్తను ఆమెకు చెప్పక కడుపులో దాచుకొనెను. జూన్ మాసమున ఆమె కలకత్తాలో కన్నుమూసెను. కుమారుడు తనకంటె ముందు పోయినట్లు ఆమె యెరుగదు. ముప్పదియేండ్లు చీపురు పట్టిన నాటినుండి తోడై నిలిచిన సహచరి పోయిన యేటనే గెడ్డెస్ పట్టణములు తిరుగుట మానలేదు; లాహోరు, బలరాంపురము నివేదికలు ఆ 1917లోనివే.

తుదిదినములు

1919లో బొంబాయి విశ్వవిద్యాలయము ఆయనను సామాజికశాస్త్ర, పౌరశాస్త్రములకు ఆచార్యునిగా నియమించెను. 1920లో జగదీశచంద్ర బోసు జీవితచరిత్రమును ఆంగ్లమున ప్రకటించెను. రవీంద్రనాథ ఠాకూరుతో ఆయనకు చిరకాల స్నేహము. తెలుగునాటితోను ఆయనకు సంబంధము కలదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థిరమైన చోటు నెన్నుకొనుటలో నైజాం ప్రభుత్వము ఆయన సలహా పొందెను. హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న అడిక్‌మెట్ ప్రాంతమున నేడు ఆ విశ్వవిద్యాలయము విలసిల్లుచున్నది.

1924లో గెడ్డెస్ ఆరోగ్యకారణముల వలన భారతదేశమును విడిచి, ఫ్రాన్సులోని మాంపెలియే పట్టణము చేరి, అచ్చట ఒక విద్యాలయమును నెలకొల్పెను. 1925లో టెల్ అవీవ్ నగరమునకు ప్రణాళిక రచించెను. ఒకప్పుడు వలదన్న ‘సర్’ బిరుదమును 1932లో స్వీకరించి, ఆ యేడే ఏప్రిలు 17వ తేదీన మాంపెలియేలో పరమపదించెను.

గెడ్డెస్ కృషిలో లోపములు లేకపోలేదు. ఆయన రచన గహనము; తలపెట్టినవానిలో సగము ముగియలేదు. రామ్సే గార్డెన్ అందమైన గృహములలో చేరినవారు ధనవంతులును, విద్యావంతులునే గాని పేదలు కారు. పాతపేటను బాగుచేసినకొలది అద్దెలు పెరిగి పూర్వవాసులు నిలువలేకపోవు చిక్కు ఆయన పద్ధతిలోను గలదు. భారతదేశమున వ్రాసిన నివేదికలలో అధికభాగము బీరువాలలోనే యుండిపోయినవి. ఆచరణలో పెట్టవలసినవారు ఆయన మాటకు లోబడినవారు కారు. 1947లో జాక్వెలిన్ టిర్విట్ అను విదుషి వానిలోని ముఖ్యభాగములను గ్రంథముగా ప్రకటించిన తరువాతనే లోకమునకు వాని విలువ బాగుగ తెలిసెను. 1995లో ఎడిన్‌బరో పాతపట్టణ, కొత్తపట్టణములును, 2003లో టెల్ అవీవ్ శ్వేతనగరమును యునెస్కో వారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినవి. అయినను ఎడిన్‌బరో పాతపట్టణము నేడు యాత్రికుల బసలతో నిండి, స్థానికులకు చోటు తక్కువగుచున్నదను ఆందోళన వినబడుచున్నది. ఇండ్లు నిలిచినను కాపురములు నిలుచునా యను గెడ్డెస్ ప్రశ్న తీరలేదు.

ఆయన విద్యార్థులకు విధించిన మొదటి పాఠము మిక్కిలి సులభము. తన వీధిని కాలినడకన చూడవలెను. ఏ యింట ఏ పని జరుగుచున్నదో, ఏ బావిలో నీరున్నదో, ఏ చెట్టు నీడన ఎవరు కూర్చుందురో వ్రాసికొనవలెను. ఈ పాఠమునకు మన బడులలో నల్లబల్లయైనను అక్కరలేదు. ఉపాధ్యాయుడు తన తరగతిని వెంటబెట్టుకొని ఒక ఉదయము పాతపేటలో నడచిన చాలును. అట్లు నడచిన పిల్లలలో రేపు కొందరు ఇంజనీర్లును, మునిసిపల్ సభ్యులును కాగలరు. పటముపై గీత గీయబోవునాడు, ఆ గీత క్రింద కాపురమున్న యిల్లు వారికి జ్ఞప్తికి రాగలదు.